గొర్రెకు వేసిన ప్లేటు

తిప్పయ్య నాకు వరసకు మామ. ట్రాక్టరు మీద నుంచి పడి కాలు విరిగితే, రాడ్డు వెయ్యాలి, డాక్టరు లేడు, మళ్లీ రమ్మన్నారు ఆసుపత్రిలో. ఆ మళ్లీ ఎప్పటికీ రాలేదు. ఆకుపసరు కట్టు కట్టించుకుంటే ఎముక దాని ఇష్టమొచ్చినట్టు వంకరగా అతుక్కుంది. పుట్టింది మొదలు గొర్రెల వెంట తిరిగిన మనిషి, మందను అమ్మేసి ఇంట్లో కూర్చున్నాడు.

చిలమత్తూరు దాటాక ఒక పరిశోధన సంస్థ ఉంది. మనుషుల ఎముకలకు వెయ్యాల్సిన కొత్త ప్లేట్లను అక్కడ ముందు గొర్రెలకు వేసి చూస్తారు. బాగున్న కాలును కోసి మళ్లీ అతికించడం! నేనక్కడ షెడ్లు కడుగుతాను. ఆపరేషనయిన గొర్రెలు లేవవు, మేత ముట్టవు. కాపరి కావాలంటే మామనే తెచ్చి పెట్టాను.

నల్లచెవుల గొర్రెకు ప్లేటు వేసినప్పుడు డాక్టరు శశికుమార్ మాటవరసకు అన్నాడు. "తిప్పన్నా, దీన్ని బాగా నడిపించు. ఇది నడిస్తే తర్వాత మనుషులకే."

మామ ఆ మాటను గట్టిగా పట్టుకున్నాడు. మనుషులంటే తనే అనుకున్నాడు, పిచ్చి మారాజు. గొర్రె తలను ఒళ్లో పెట్టుకుని అవిసాకు తినిపించాడు. "నువ్వు నడిస్తే నేనూ నడుస్తానమ్మా" అని దాని చెవిలో చెప్పేవాడు. తను కుంటుతూ ముందు, అది కుంటుతూ వెనక. కొన్నాళ్లకు అది కుంటడం మానేసింది.

"రేపటితో దీని పని అయిపోతుంది. పొద్దున్నే రా" అన్నాడు డాక్టరు.

పొద్దున్నే ఉతికిన పంచె కట్టుకుని వచ్చాడు మామ. టీ ఇస్తే తీసుకోలేదు.

"వద్దు పాపా. కోసేముందు ఏమీ తాగగూడదు గదా."

పంచె పైకి లాగి చూపించాడు. మోకాలి నుంచి చీలమండ దాకా బ్లేడుతో నున్నగా గొరుక్కున్నాడు, ఆపరేషనుకు ముందు గొర్రెలకు గొరిగినట్టే. రెండుచోట్ల తెగి రక్తం కూడా కారింది.

డాక్టరు ఆ కాలు చూసి తలొంచుకున్నాడు. "నీకు కాదన్నా. మనుషులకు వెయ్యాలంటే ఇంకా ఏళ్లు పడుతుంది. గొర్రెను లోపలికి తీసుకురా, చంపి ఎముక చూడాలి."

"బాగనే నడస్తాండాది గదా సార్?"

"అందుకే చూడాలి."

ఎవరు లాగినా అది కదల్లేదు. మామ పిలిస్తే వెంటనే వెనక నడిచింది. సూది వేస్తున్నంతసేపూ దాని తల పట్టుకున్నది ఆయనే.

ప్లేటు బయటికి తీశాక మామ చెయ్యి చాచాడు. "దానికింక అక్కర లేదు గదా సార్. కడిగి నాకెయ్యండి."

ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు ఒళ్లు మండింది. "ఏమప్పా, నవ్వేదానికేముందిందులో? మీ కాలు ఇరిగితే తెలుస్తాది!" అని అరిచాను. ప్లేటును సీసాలో వేసి మూత పెట్టారు.

తర్వాత వారం కొత్త గొర్రెలు దిగాయి. మామ ఇంక రాడనుకున్నాను. గేటు దగ్గర కుంటుతూ కనిపించాడు.

"మళ్లీ యాలొచ్చినావు మామా? సిగ్గుండాదా నీకు?"

"ఈసారి ఏసేది వేరే రకమంట పాపా. మనుషులకు బిరీన ఏస్తారంట, ఏండ్లు పట్టదంట."

"ఎవురు చెప్పినారు?"

"ఎవురూ చెప్పలే" అన్నాడు మామ. "నేనే అనుకుంటాండా. అనుకోనీ."