ఆవగింజంత నల్లమందు

అరవైల తొలి రోజుల్లో, రొంపిచెర్ల దగ్గర మా ఊళ్లో, మహిళా మండలి తరఫున మేం నలుగురం కూలివాళ్ల ఇళ్లకు తిరిగేవాళ్లం. పసిపిల్లలకు నల్లమందు పెట్టి నిద్రపుచ్చి పనికి పోవద్దని చెప్పడం మా పని. నేను చెప్పేదాన్ని కాదు, తిట్టేదాన్ని.

మిరపకోతలప్పుడు ఒక మధ్యాహ్నం, ఓ గుడిసెలో ఏడాది నిండని పిల్ల ఎంత కదిపినా కళ్లు తెరవలేదు. పక్కన పిల్ల నానమ్మ తల బాదుకుంటోంది. పొద్దున తల్లి మందు పెట్టి వెళ్లిన సంగతి తెలియక, ఏడుస్తోందని తనూ ఆవగింజంత పెట్టిందట. పిల్లను భుజాన వేసుకుని అరికాళ్లు గిల్లాను. మొహాన నీళ్లు చల్లాను. ఊపిరి ఆడుతోందో లేదోనని మాటిమాటికీ ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. ఎంతసేపటికో సన్నగా మూలిగింది. తర్వాత గుక్కపట్టి ఏడ్చింది.

అప్పటికి కబురందిన తల్లి చేలోంచి పరుగెత్తుకొచ్చింది.

"ఏమే, బుద్ధుందా నీకు? పిల్లను వెంట తీసుకుపోతే ఏంది?" అని అరిచాను.

కారం చేతులు తగలకుండా మోచేతులతో పిల్లను అందుకుంటూ ఆమె మెల్లగా అంది:

"మీ చేలోకే పోయాను చిన్నమ్మగారూ. పిల్లలు ఏడిస్తే కోత సాగదు, తేవొద్దని మీ నాయనగారే అన్నారు."

ఏడాదిగా ఆ వాడలో నేనెక్కని గడప లేదు. మా నాయనతో మాత్రం ఈ నల్లమందు మాట ఒక్కసారీ ఎత్తలేదు.