పుస్తకాలు ఇంటికి ఇవ్వబడవు

ముప్పై ఏళ్లు యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేసినదాన్ని. బయటికి పోయిన పుస్తకం తిరిగి రాదని నా గట్టి నమ్మకం. ప్రొఫెసర్లే తిరిగివ్వరు, ఇంక పిల్లలా? అందుకే రిటైరయ్యాక క్యాంపస్ వెనక బస్తీ పిల్లల కోసం పాత సైకిల్ షెడ్డులో లైబ్రరీ పెట్టినప్పుడు, అన్నిటికంటే ముందు గోడకు బోర్డు కొట్టించాను: 'పుస్తకాలు ఇంటికి ఇవ్వబడవు.' అలవాటు కొద్దీ ఇష్యూ రిజిస్టరు ఒకటి కొని సంచిలో పడేసుకున్నాను గానీ, అందులో ఒక్క గీత పడలేదు.

తార్నాకలో, హబ్సిగూడలో ఇల్లిల్లూ తిరిగి అడిగి తెచ్చిన పుస్తకాలవి. ఒక్కోదానికి అట్ట వేసి, నంబరు చీటీ అంటించి వరుసగా సర్దుకున్నాను. ఓ ఎనిమిదేళ్ల పిల్ల మాత్రం రోజూ నా ప్రాణం తీసేది. "ఈ ఒక్కటి ఇయ్యండి మేడం. మా అవ్వకు చదివి వినిపిస్త."

"మీ అవ్వనే ఇక్కడికి రమ్మను," అనేదాన్ని. అవ్వకు మోకాళ్ల నొప్పులు, నడవలేదు అని ఎన్నిసార్లు చెప్పినా విన్నానా? లేదు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది.

శ్రావణంలో చెల్లెలి గృహప్రవేశానికి కడప పోయాను. అక్కడుండగానే టీవీలో హైదరాబాదంతా నీళ్లు. షెడ్డు రేకులకు చిల్లులున్నాయని నాకు తెలుసు. బాగు చేయిద్దాం, చేయిద్దాం అని వాయిదా వేసింది నేనే. దొరికిన మొదటి బస్సెక్కి తిరిగొచ్చాను.

మెట్రో దిగి సరాసరి షెడ్డుకే పోయాను. తాళం పగలగొట్టి ఉంది. గోడలకు మోకాలెత్తున తడి మరక. అరలన్నీ ఖాళీ.

"ఓరి దేవుడా, ఊడ్చుకుపోయారే!" అని కూలబడి, బస్తీ మొత్తానికి వినబడేలా నోటికొచ్చినట్టు తిట్టాను.

నా గొంతు విని ముందు ఆ పిల్లే పరుగెత్తుకొచ్చింది. వెనకే హాస్టల్లో వంట చేసే వాళ్లమ్మ, కొంగులో ఏదో చుట్టుకుని. విప్పితే నా అట్టలు, నా నంబర్లు. చెమ్మ కూడా తగల్లేదు.

"తాళం మేమే పలగ్గొట్టినం మేడం. నీళ్లు లోపలికొస్తున్నయి. పిల్లలు లైన్ కట్టి తలా కొన్ని ఇండ్లకు మోసిన్రు," అంది వాళ్లమ్మ.

"ఒక్క ఫోన్ చేయొచ్చు కదమ్మా?"

"చేస్తే వద్దంటరని చేయలే."

ఆవిడ కొంగులోని పుస్తకాలు ఒక్కొక్కటే అందుకున్నాను.

మధ్యాహ్నానికల్లా పుస్తకాలు రావడం మొదలైంది. బియ్యం డబ్బాల్లోంచి, బీరువాల మీంచి, దేవుడి గూట్లోంచి. ఒకావిడ ట్రంకు పెట్టెలోంచి పట్టుచీరలు తీసి బయట పెట్టి, వీటిని సర్దిందట. ఆ చీరలు తడిసిపోయాయి. పిల్లలు నంబరు తప్పకుండా అరల్లో పేరుస్తుంటే అట్లా చూస్తూ నిలబడిపోయాను. ముప్పై ఏళ్ల సర్వీసులో ఇలాంటిది చూడలేదు, ఒట్టు.

ఒక్కటే తక్కువైంది. ఆ పిల్ల తల దించుకుంది. "అది మా అవ్వ ఇయ్యనంటున్నది మేడం."

వాళ్లింటికి పోయాను. మంచం మీద అవ్వ, రెండు చేతులతో పుస్తకాన్ని ఒళ్లో అదుముకుని. "నాకు చదువు రాదమ్మా. పోరి చదువుతుంటే ఇంటున్న. మేకపిల్ల అడవిల తప్పిపోయింది. అది ఇల్లు చేరిందో లేదో తెల్వకుండ సగంల గుంజుకపోతే ఎట్ల?"

సంచిలోంచి రిజిస్టరు తీశాను. మొదటి పేజీలో మొదటి గీత మీద ఆ పుస్తకం నంబరు రాసి అవ్వ ముందు పెట్టాను. సంతకం రాదంది. సంచిలోంచే స్టాంపు ప్యాడ్ కూడా తీసి చూపిస్తే బొటనవేలు అద్ది, జాగ్రత్తగా ముద్ర వేసింది.

"మల్ల ఎప్పుడియ్యాలె?" అని అడిగింది.

పదిహేను రోజులు అనాలి, నా నోటికి అలవాటైన మాట అదే. అనలేదు.

"మేకపిల్ల ఇల్లు చేరినాక ఇవ్వు అవ్వా," అన్నాను.