మూగబోయిన కంప్యూటర్

2005 వర్షాకాలంలో నేను బిలాస్‌పూర్ రైల్వే టెలికాం విభాగంలో సీనియర్ సెక్షన్ ఇంజినీరుగా ఉన్నాను. ఎక్స్ఛేంజి, కంట్రోల్ ఫోన్లు, స్టేషన్ మైకులు మా పని. కంప్యూటర్లు మా పని అని ఎక్కడా లేదు గానీ, తీగ ఉన్నదల్లా మా నెత్తికే చుట్టేవారు.

మా ఎక్స్ఛేంజిలో సింహాద్రి గారని టెలిఫోన్ ఆపరేటరు ఉండేవారు. తాతగారి కాలంలోనే విజయనగరం వైపు నుంచి వచ్చి రైల్వే క్వార్టర్లలో స్థిరపడ్డ కుటుంబం. ఆయనకు పుట్టుకతోనే చూపు లేదు. గుమాస్తా పదోన్నతికి అంతకుముందొకసారి పరీక్ష ఇచ్చారు. ఆయన చెబుతుంటే రాయడానికి పెట్టిన మనిషి తప్పుల తడకగా రాసిపెట్టాడు. ఫెయిలయింది మాత్రం ఈయన. అందుకని ఈసారి మనిషి వద్దన్నారు. తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే లినక్స్ కంప్యూటర్ మీద తానే టైపు చేస్తానని అనుమతి తెచ్చుకున్నారు. రిటైర్మెంటు దగ్గరపడింది కాబట్టి ఆయనకు అదే చివరి అవకాశం.

పరీక్షకు ముందురోజు ఆ కంప్యూటర్ హార్డ్‌డిస్క్ పోయింది. పాత సీడీలు దొరక్క, కొత్త డిస్క్‌లో కొత్త లినక్స్ ఎక్కించాం. తెర వెలిగింది, మాట రాలేదు. యంత్రాన్ని నడిపే మూల ప్రోగ్రామును కెర్నెల్ అంటారు. దానితో వచ్చిన, శబ్దం పలికించే సౌండ్ డ్రైవర్ మా బోర్డు మీది చిప్పును గుర్తుపట్టలేదు. వ్యాపార్ విహార్‌లో ఒక నెట్ సెంటర్‌కు వెళ్ళి, తాజా డ్రైవర్ సోర్సు దింపి సీడీలో రాయించుకొచ్చాను. దాన్ని మా కెర్నెల్‌కు సరిపోయే మాడ్యూలుగా, అంటే దానికి తగిలించే ముక్కగా, తయారు చేసి ఎక్కించాలి.

మర్నాడు పొద్దున్నే కూర్చున్నాను. మాడ్యూలు తయారైంది. ఎక్కించబోతే ఫార్మాటు చెల్లదని కెర్నెల్ తిప్పికొట్టింది. మళ్ళీ తయారు చేశాను, మళ్ళీ అదే. కెర్నెల్ తన తప్పొప్పులు రాసుకునే లాగ్ చూస్తే సంగతి తెలిసింది. నడుస్తున్నది రెండు ప్రాసెసర్ల కెర్నెల్, మాడ్యూలు తయారీకి నేను వాడిన హెడర్ ఫైళ్ళు ఒక ప్రాసెసర్ రకానివి. వెర్షన్ అంకెలన్నీ ఒకటే, చివరి తోక వేరు. సరైన హెడర్లు వెతికి పట్టేసరికి పక్క గదిలో మిగతావాళ్ళు పరీక్ష మొదలుపెట్టేశారు.

సింహాద్రి గారు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కీబోర్డు మీద వేళ్ళు ఆనించి కూర్చున్నారు. “ఏటి బాబూ, పలుకుతందా?” అని అడిగారు. అయిదు నిమిషాలన్నాను. ఆ మాట తర్వాత ఎన్నిసార్లు అన్నానో నాకే తెలియదు.

ఈసారి మాడ్యూలు ఎదురు చెప్పకుండా ఎక్కింది. సౌండ్ కార్డు పేరు కూడా తెర మీద కనిపించింది. అయినా చప్పుడు లేదు. పాత మాడ్యూలేదో అడ్డుపడుతోందని డైరెక్టరీలన్నీ గాలించాను, ఉన్నవన్నీ తీసేసి మళ్ళీ ఎక్కించాను. చివరికి శబ్దాన్ని పెంచి తగ్గించే మిక్సర్ తెరిచి చూస్తే శబ్దం సున్నా దగ్గర ఉంది. ఈ డ్రైవర్ కొత్తగా ఎక్కినప్పుడు నోరు మూసుకునే ఎక్కుతుంది. మీట పైకి జరపగానే కంప్యూటర్ మాట్లాడింది.

అప్పటికి పక్క గదిలో పేపర్లు తీసుకుంటున్నారు. పేపరు బయటికొచ్చాక ఒక్కరికి విడిగా పరీక్ష పెట్టే నిబంధన లేదని పరీక్షాధికారి చెప్పాడు. చెడ్డవాడేం కాదు, మా మొహాలు చూడలేక కిటికీ వైపు తిరిగి చెప్పాడు. నాకు ఏడుపొచ్చినంత పనయింది.

“అచ్ఛా, పోనీండి బాబూ. పేపర్లో ఏటిచ్చారో ఓపాలి వినిపించండి,” అన్నారు సింహాద్రి గారు. పక్క గదిలో మిగిలిన ప్రశ్నపత్రం ఒకటి తెచ్చి, చదివి వినిపించాను. ఆయన ఒక్కో ప్రశ్న వింటూ, జవాబు టైపు చేస్తూ చివరిదాకా వెళ్ళారు. వెనక నిలబడి చదివాను. నాకు తప్పు కనబడలేదు. సేవ్ చెయ్యమంటారా అని అడిగాను.

“ఎవులికి బాబూ?” అన్నారు.

డ్రైవర్ ఎక్కిందని తెర చెబితే పని అయినట్టు కాదు, చెవికి వినిపించాలి. ఒక మనిషి ఒకే యంత్రం మీద ఆధారపడినప్పుడు రెండోది పక్కన సిద్ధంగా ఉండాలి. ఆ తర్వాత నేను పనిచేసిన ప్రతిచోటా రెండో యంత్రం పెట్టించాను. ఒక్కసారి కూడా దాని అవసరం పడలేదు.