కారుకు పెట్రోలు మా చేతుల్లో

నా చిన్నప్పుడు ఆదివారం పొద్దున అంటే మాకు ఒక కారు. పక్కింటి అక్క వాళ్ల టీవీలో వచ్చేది. డ్రైవరు లేకుండానే నడిచేది, లైట్లను కళ్లలాగా ఆర్పేది, కోపం వస్తే ముందు మూత ఎత్తి గుర్రుమనేది. దాని రంగేమిటో ఎవరికీ తెలియదు, ఆ టీవీలో లోకమంతా బూడిద రంగే. ఎర్రదని నేను, పచ్చదని మా తమ్ముడు కొట్టుకునేవాళ్లం.

ఆ కారు హిందీలో మాట్లాడేది. కుందుర్పి దగ్గర మా పల్లెలో ఆ భాష వచ్చినవాళ్లు తక్కువ. అక్క వాళ్లు ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు కాబట్టి ఆమెకు అర్థమయ్యేది. కారు ఒక మాట అంటే అక్క దాన్ని మా మాటలోకి మార్చి చెప్పేది. అందుకే ఆ కారు గొంతు నాకు ఇప్పటికీ మా యాసలోనే వినిపిస్తుంది.

ఆ ఏడు వాన చాలా ఆలస్యంగా వచ్చింది. శనివారం రాత్రి పడింది. మా వైపు వాన పడిందని సంతోషించేందుకు కూడా తీరిక ఉండదు. నేలలో పదును, అంటే మొలకకు సరిపడే తడి, ఆరేలోగా విత్తనం పడాలి. విత్తనపు శెనక్కాయలను ముందుగా ఒలిచి పెట్టుకుంటే గింజ చెడుతుంది. అందుకని వాన పడ్డాకే ఇంటిల్లిపాదీ కూర్చుని చేత్తో ఒలవాలి. అంతకు ముందు ఏడు పదును దాటాక విత్తాం. సగం మొలవలేదు. మా నాయన బెంగళూరుకు మట్టి పనికి పోయి, మళ్లీ వాన కాలానికి గానీ ఇంటికి రాలేదు. ఈసారీ తప్పితే మళ్లీ పోవలసిందే. అది మాటల్లో ఎవరూ అనలేదు, కానీ ఇంట్లో అందరికీ తెలుసు.

తెల్లారేసరికి మూటలు విప్పాం. బొటనవేళ్లు వాచిపోయినా గంప నిండలేదు. నాయన తొందరలో కర్ర తెచ్చి కాయల మీద బాదడం మొదలుపెట్టాడు. మా అవ్వ కర్ర లాక్కుంది.

“విత్తనమప్పా అది, చట్నీకి కాదు! పొట్టు లేసిన గింజ మొలుస్తాదా? పోయిన తూరి నువ్వొక్కడివే పోయినావు బెంగళూరుకు, ఈ తూరి నన్నూ ఎత్తుకోని పోతావా?”

అంతలో గోడ అవతల టీవీ పాట మొదలైంది. తమ్ముడూ నేనూ కాయ చేతిలో పట్టుకుని గోడ వైపే చూస్తూ ఉండిపోయాం. అక్క గోడ మీదుగా తొంగి చూసింది.

“అవ్వా, మూటలు ఈడికే తెప్పీ. వీళ్ల చేతులు ఆడుండాయి గానీ పానాలు ఈడుండాయి.”

“ఆ పెట్టె ముందర కూచుంటే నోర్లు తెరుస్తారు గానీ కాయలు తెరుస్తారా?” అంది అవ్వ. అయినా వేరే దారి లేక అందరం అక్క వాళ్ల ఇంటికి చేరాం.

అవ్వ అన్నట్టే అయింది. కారు కనిపించగానే మా చేతులు ఆగిపోయాయి. అక్క తిట్టలేదు. ఉన్నట్టుండి నోరు మూసుకుంది, అంతే. తెర మీద కారు ఏదో మొత్తుకుంటోంది, మాకు ముక్క అర్థం కాలేదు.

“ఏమంటాందక్కా?” అన్నాడు తమ్ముడు.

“నాకేం తెలుసు? దాని పెట్రోలు మీ చేతుల్లో ఉండాది. కాయ పటుక్కుమంటేనే దాని మాట నాకు ఇనపడేది.”

మేం ఒలిచాం. అక్క చెప్పింది. మేం ఆగితే తనూ ఆగింది. కాసేపటికి మా చేతులకు చూపు అవసరం లేకుండా పోయింది. కళ్లు తెర మీద ఉంటే వేళ్లు వాటి పని అవి చేసుకుపోయాయి.

పొంగిన వంక ముందు కారు నిలబడి, దూకాలా వద్దా అని ఆలోచిస్తుండగా కరెంటు పోయింది. నాకు ఏడుపొచ్చింది. అక్క మాత్రం ఆపలేదు.

“కరెంటు పోయింది కదక్కా?”

“టీవీకి పోయిందమ్మే. కారుకు పోతాదా? ఒలువు.”

కారు వంక దాటింది. రాళ్ల దారిలో ఎగిరెగిరి పడుతూ మా పల్లెకే వచ్చింది. ఆకలేస్తాందని మా వాకిట్లో హారను కొట్టింది. అంతదాకా మూతి ముడుచుకుని ఉన్న అవ్వ తలెత్తకుండానే దానికి జవాబిచ్చింది: “సంగటి పెడతాలే. ముందు మా చేన్లో గొర్రు లాగు.” నాయన నవ్వాడు. ఆయన నవ్వు విని ఎన్నాళ్లయిందో అప్పుడు తెలిసింది. పొద్దు వాలేసరికి మూటలు ఖాళీ అయ్యాయి.

మరునాడు పదునులోనే గొర్రు కట్టి విత్తారు. కొన్నాళ్లకు సాళ్లు సాళ్లుగా మొలకలు లేచాయి. ఆ ఏడు నాయన ఇంట్లోనే ఉన్నాడు.

నేను బడికి పోలేదు. గొర్రెల వెంట పోయాను. బిడ్డల పెళ్లిళ్లు చేశాక, ఊళ్లో ఆడవాళ్లకు చదువు చెప్తుంటే పోయి పలక పట్టాను. ఒత్తుల దగ్గర వేలు మొండికేసినప్పుడల్లా అక్క మాట గుర్తొచ్చేది. బండి కదలాలంటే నా చెయ్యి కదలాలి. కదిలింది.

మొన్న మనవరాలు ఫోనులో వెతికి ఆ పాత సీరియల్ చూపించింది. ఆ కారు అసలు వంక దాటనే లేదు, వెనక్కి తిరిగి పోయింది. “నీ కథ తప్పవ్వా” అంది. మా నాయనను ఊళ్లో నిలబెట్టింది నా కథలోని కారే అన్నాను.

ఇప్పుడు వాన పడితే మా వీధి ఆడవాళ్లు మూటలు తెచ్చి మా వాకిట్లో కూర్చుంటారు. నేను కళ్లద్దాలు పెట్టుకుని కథల పుస్తకం తెరుస్తాను. పటపటమని కాయల చప్పుడు వినిపిస్తున్నంతసేపూ చదువుతాను. ఆగిందా, పుస్తకం మూసి ఊరికే కూర్చుంటాను. ఎక్కువసేపు కూర్చోవలసిన అవసరం ఎప్పుడూ రాలేదు.