స్నేహితుడికి కొన్న కత్తి

ఒక చిన్న కత్తి కొనడానికి నాకు వర్షాకాలం మొత్తం పట్టిందంటే ఎవరైనా నవ్వుతారు. మా ఆవిడ అప్పట్లో పగలబడి నవ్వింది. "ఉల్లిపాయ తరగమంటే ముందు కళ్ళజోడు, తర్వాత దూది వెతుక్కునే మనిషి. మీకెందుకండీ అడవిలోకి కత్తి?" అంది. నిజమే. రాజమండ్రిలో ఒక కాలేజీలో కామర్స్ పాఠాలు చెప్పుకునేవాణ్ణి. యాభై దాటాయి. కోనసీమలో పురోహితుల ఇంట పుట్టాను. మా వంశంలో కొబ్బరికాయ కొట్టడం కన్నా పెద్ద సాహసం ఎవరూ చేసిన దాఖలా లేదు. అయితే ఆ కత్తి నాకోసం కాదు.

మా కాలేజీలోనే బోటనీ చెప్పే మాస్టారు ఒకాయన ఉన్నారు. నాకన్నా కొంచెం చిన్న. నాకు షుగరొచ్చిందని, రోజూ నడవాలని డాక్టరు చెప్పిన కొత్తలో నేను స్టాఫ్ రూంలో ఏడుపు ముఖం పెట్టుకుని కూర్చుంటే, "గోదారి గట్టు మీద నడిస్తే విసుగొస్తుందండీ. ఆదివారం నాతో మారేడుమిల్లి రండి, చెట్లు చూపిస్తాను" అని ఆయనే పిలిచారు. అప్పట్నుంచి వీలైన ప్రతి ఆదివారం తెల్లారుతూనే ఆయన కారులో వెళ్ళేవాళ్ళం. ఆయన ఆకులూ తీగలూ కోసి పాత పేపర్ల మధ్య సర్దుకునేవారు. నేను వెనకాలే నడుస్తూ అంతకుముందు ఎవరికీ చెప్పుకోని మాటలన్నీ చెప్పుకునేవాణ్ణి. అమ్మాయి పెళ్ళి చేసుకోనంటున్న సంగతి, ప్రిన్సిపాల్ పదవి చేయి జారిపోయిందని నాకున్న ఉడుకుమోతుతనం, అన్నీ ఆయనకి తెలుసు. చిన్నప్పటి స్నేహాలన్నీ ఫోన్లో గుడ్ మార్నింగ్ బొమ్మలుగా మిగిలిపోయిన వయసులో నాకు స్నేహితుడంటూ దొరికింది ఆయనొక్కరే. ఆ ఆదివారాలు లేకపోతే ఏమైపోయేవాణ్ణో అనిపించేది.

ఆయనదీ కోనసీమే. మా ఊరికీ వాళ్ళ ఊరికీ మధ్య ఒక కాలవ అడ్డం. మాది అగ్రహారం, వాళ్ళది ఊరి చివర దళితుల పేట. ఆ సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తలేదు కాబట్టి మా మధ్య అది లేదనుకునేవాణ్ణి. అలా అనుకుని లోలోపల కాస్త గర్వపడేవాణ్ణి కూడా. అడవిలో మా ఇంటి పులిహోర ఇద్దరం ఒకే ఆకులో తినేవాళ్ళం. ఆయన కారియరు మాత్రం నేను ముట్టేవాణ్ణి కాదు, అందులో చేపో కోడో ఉంటుంది కదా అని. కొన్ని రోజులు అందులో ఉత్త పెరుగన్నం, ఆవకాయ ఉండేవని ఇప్పుడు గుర్తొస్తోంది.

మొక్కలు కోసుకోవడానికి ఆయన దగ్గర ఒక మడత కత్తి ఉండేది. ఆషాఢంలో ఒకనాడు వానకి తడిసిన తీగ కోస్తుంటే ఆ కత్తి ఒక్కసారిగా మడతపడి ఆయన చూపుడువేలు చీల్చేసింది. నా రుమాలు చుట్టి, నాకు సరిగ్గా రాని కారు నేనే నడుపుకుంటూ, రంపచోడవరంలో కుట్లు వేయించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. దారి పొడుగునా ఆయనే "గేరు మార్చండి మాస్టారూ, ఏం ఫర్లేదు" అని నాకు ధైర్యం చెప్పారు. ఆ రోజే అనుకున్నాను, ఈయనకి మడతపడని కత్తి ఒకటి నేనే కొనివ్వాలని.

అక్కణ్ణుంచి మొదలైంది నా చదువు. ఇలాంటి వాటిని ఫిక్స్‌డ్ బ్లేడ్ అంటారని, ఉక్కు పిడి లోపల కూడా చివరిదాకా ఒకటే ముక్కగా ఉండాలని, లేకపోతే గట్టిగా నొక్కినప్పుడు పిడి దగ్గర విరిగిపోతుందని యూట్యూబులో నేర్చుకున్నాను. మంచు దేశాల వాళ్ళెవరో గడ్డాలు పెంచుకుని, కత్తి వీపు మీద కర్రతో కొట్టి దుంగలు చీలుస్తుంటే నేను మజ్జిగన్నం కలుపుకుంటూ చూసేవాణ్ణి. చేతకానమ్మకే చేష్టలెక్కువని వంటింట్లోంచి ఒక విసురు వచ్చేది.

మొదట తెప్పించింది మోచేతి పొడవుంది. వీడియోలో చిన్నదిగానే కనిపించింది మరి. మా ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది పట్టుకుని మీరు బస్టాండులో నిలబడితే పోలీసులైనా తీసుకెళ్తారు, జాతరలో మేకలు కొట్టడానికైనా పిలుస్తారు" అంది. వెనక్కి పంపేశాను. మొక్కలు కోసుకునే మనిషికి అంత కత్తెందుకు? అరచేయంత బ్లేడు చాలు. నడుముకి పెట్టుకుని వంగితే గుచ్చుకోకూడదు. రెండోది సరిగ్గా ఆ కొలతే. పదును కూడా గొప్పగా ఉంది. కానీ తుప్పు పట్టే రకం ఉక్కు. పరీక్షకని నిమ్మకాయ కోసి, కడగడం మర్చిపోయి పడుకున్నాను. తెల్లారేసరికి బ్లేడంతా నల్లటి మచ్చలు. మన వానల్లో, మన చెమటల్లో అది ఎన్నాళ్ళుంటుంది? వాడేసినదాన్ని వెనక్కి తీసుకోం అన్నారు. ఇప్పుడు మా ఆవిడ దాంతో చిప్పల్లోంచి కొబ్బరి ఊడదీస్తోంది.

మూడోది కుదిరింది. తుప్పు పట్టని ఉక్కు. తడి చేత్తో పట్టుకున్నా జారని రబ్బరు పిడి. వేలు పదును మీదికి జారకుండా పిడికీ బ్లేడుకీ మధ్య చిన్న అడ్డు. తలకిందులు చేసి దులిపినా ఊడిపడని గట్టి ఒర. పిడి రంగు మాత్రం నారింజ. నల్లది చూడ్డానికి బాగుంటుంది గానీ ఎండుటాకుల్లో పడితే దొరకదు, మా మాస్టారికేమో వస్తువులు ఎక్కడివక్కడ పడేసుకునే అలవాటు. ఈ రంగు ఆలోచన ఏ వీడియోలోనూ చూసింది కాదు, అచ్చంగా నాదే. దానికి నా జబ్బలు నేనే చరుచుకున్నాను.

అంత పరిశోధన చేసినవాణ్ణి, పార్సెల్ శనివారం వస్తే తీసుకోలేదు. శనివారం ఇనుము ఇంటికి తెచ్చుకోకూడదు. తెచ్చినాయన్ని బతిమాలి సోమవారం రమ్మన్నాను. ఇలాంటివి నాకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. మా అమ్మ మాతోనే ఉంటుంది, ఆవిణ్ణి చూసి చూసి ఒంటికి పట్టేశాయి. ఉప్పు, కారం, కత్తి చేతికి చేతికి ఇవ్వకూడదన్నదీ అలాంటిదే. ఇస్తే ఇద్దరి మధ్యా మాటలు తెగిపోతాయట. మా ఇంట్లో చాకు గానీ కత్తెర గానీ ఒకరు కింద పెడతారు, రెండోవాళ్ళు అక్కణ్ణుంచి తీసుకుంటారు. గుమ్మం బయట చెప్పులు విడిచినట్టే, నేను ఆలోచించి చేసే పని కాదది.

కార్తీకంలో మాస్టారు ఊరి శివార్లో కొత్త ఇల్లు కట్టుకున్నారు. పాస్టరు గారి చేత ప్రార్థన చేయించుకుని చేరిపోయారు. ఆ తర్వాతి ఆదివారం నేను కత్తి సంచీలో పెట్టుకుని వెళ్ళాను. ఆయన తండ్రి ఊర్నుంచి వచ్చి ఉన్నారు. డెబ్భై దాటిన మనిషి, బతుకంతా మా వైపు రైతుల చేలల్లో పని చేసిన మనిషి. వరండాలో కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చుని ఉన్నారు. "రండి సారూ, కూర్చోండి. మావాడు ఎప్పుడూ మీ గురించే చెప్తాడు" అన్నారు. పక్కనే కూర్చున్నాను. మా ఊరి పేరు చెబితే, "మీ తాతగారి మంత్రాలు కాలవ అవతలున్న మాకు కూడా వినపడేవండి. ఏం గొంతండీ బాబూ!" అని గట్టిగా నవ్వారు. కొడుకు వేయించిన గచ్చు ఎంత చల్లగా ఉందో పాదంతో రాసి చూపించారు. నాకు చాలా సంతోషంగా ఉంది.

మాస్టారు లోపల్నుంచి వచ్చారు. "మీకొకటి తెచ్చానండీ" అంటూ లేచి కత్తి బయటికి తీశాను. ఆయన ముఖం వెలిగిపోయింది. చెయ్యి చాచారు. నేను ఆ చేతిలో పెట్టలేదు. వంగి, ఆయన పాదాల ముందు గచ్చు మీద పెట్టి, నవ్వుతూ "తీసుకోండి" అన్నాను.

ఆయన చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. నేనింకా నవ్వుతూనే ఉన్నాను. ఇంతలో పెద్దాయన కుర్చీలోంచి లేచారు. భుజం మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకున్నారు. నడుం వంచి, రెండు చేతులతో ఆ కత్తిని ఎత్తి కళ్ళకద్దుకున్నారు. ఎవరూ చెప్పలేదు ఆయనకి. ఆ వంగడంలో తడబాటు లేదు, ఆలోచన లేదు. కొడుకు ఆయన చేతుల్లోంచి కత్తి తీసేసుకుని కిటికీలో పెట్టేశారు.

మా పెరట్లో మా నాయనమ్మ పనివాళ్ళ దోసిట్లోకి మజ్జిగ ఎత్తు నుంచి పోసేది. పాత బట్ట గానీ, పండగనాటి గారెలు గానీ, వాళ్ళకిచ్చేది ఏదైనా సరే నూతి గట్టు మీద పెట్టి వెనక్కి జరిగేది. వాళ్ళు ముందుకొచ్చి, వంగి తీసుకునేవారు. నేను తాటిముంజెలు తింటూ అది చూస్తూ పెరిగాను. నా ఒంటికి పట్టిన అలవాట్లలో కత్తి గురించినది ఏదో, మనుషుల గురించినది ఏదో, ఆ వరండాలో నిలబడి నేనే తేల్చుకోలేకపోయాను. తల కొట్టేసినట్టయింది.

"అయ్యో, అది కత్తి కదండీ... చేతికిస్తే మాటలు తెగుతాయని మా ఇంట్లో..." అని నసిగాను.

మాస్టారు నా వైపు చూడకుండా, "మీ ఇంట్లో కత్తొక్కటే కింద పెడతారు మాస్టారూ. మాకు అన్నీ కిందే పెట్టేవారు" అన్నారు. కోపంగా అని ఉంటే తట్టుకునేవాణ్ణి. మామూలుగా అన్నారు.

పెద్దాయన కంగారుపడి, "తప్పురా! అయ్యగారిని అలా అనొచ్చా? ఏదో ఆచారం కొద్దీ చేశారు" అని కొడుకుని మందలించారు. అప్పటిదాకా నన్ను సారూ అని పిలిచిన మనిషి. నా తరఫున ఆయన మాట్లాడటం నాకు చెప్పుదెబ్బ. ఇచ్చిన టీ ఎలా తాగానో, ఏం చెప్పి బయటపడ్డానో గుర్తు లేదు.

కాలేజీలో మాస్టారు ఎప్పటిలాగే ఉన్నారు. టీ వస్తే నా కప్పు నా వైపు జరిపేవారు. పరీక్ష డ్యూటీల గురించి మాట్లాడేవారు. శనివారం సాయంత్రం "రేపు వెళ్దామా" అని రావాల్సిన మెసేజ్ మాత్రం రాలేదు. తర్వాతి వారమూ రాలేదు. అడగడానికి ముఖం చెల్లక, ఫోన్ ఛార్జింగ్ చూసుకుంటూ కూర్చున్నాను. కత్తి ఆయనకి నచ్చిందా అని మా ఆవిడ అడిగితే బ్రహ్మాండంగా నచ్చిందన్నాను.

ఉండబట్టలేక, వత్తులు చేసుకుంటున్న మా అమ్మకి జరిగింది చెప్పాను. "కత్తి కింద పెట్టడంలో తప్పేముందిరా?" అంది. ఆ పెద్దాయన లేచి వంగిన సంగతి మళ్ళీ చెప్పాను. "పాపం, మర్యాద తెలిసిన మనిషి" అంది మెచ్చుకోలుగా. నాకు అమ్మ మీద ఒళ్ళు మండిపోయింది. కాసేపటికి ఆ మంట చూసి నాకే రోత పుట్టింది. ఆవిడ నోటితో అన్నది, నేను చేత్తో చేసి వచ్చాను. మా ఇద్దరిలో చదువుకున్నవాణ్ణి నేను.

చివరికి క్షమాపణ చెప్పుకుందామని ఒక ఉదయం వాళ్ళింటికి బయల్దేరాను. ఆటోలో దారంతా మాటలు పేర్చుకున్నాను. దాచడమెందుకు, ఆ పెద్దాయన బాధ కన్నా నా ఆదివారాలే నాకు ఎక్కువ గుర్తొస్తున్నాయి. వాళ్ళు "ఫర్లేదండీ" అంటే చాలు, అన్నీ మునుపటిలా అయిపోతాయని ఆశ.

గేటు తీసేసరికి పెద్దాయన వరండాలో కూర్చుని మోకాళ్ళకి తైలం రాసుకుంటున్నారు. నన్ను చూడగానే గోడ పట్టుకుని లేచారు. "రండయ్యగారూ" అంటూ తను కూర్చున్న కుర్చీని తువ్వాలుతో తుడిచి నా వైపు జరిపారు. నేను చెప్పులు విడిచి మెట్లెక్కి, "మొన్న నేను చేసింది తప్పండి. పెద్దవారు, నన్ను క్షమించాలి" అని ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టబోయాను. ఆయన బెదిరిపోయారు. "వద్దు బాబూ, వద్దు! నాకు పాపం చుట్టుకుంటుంది" అంటూ గోడ దాకా వెనక్కి వెళ్ళిపోయారు. ఆ ముసలి ముఖంలో భయం చూశాక నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"మీరు కూర్చోండి" అన్నాను. కూర్చోలేదు. బతిమాలాను. "నాకు అలవాటేనండి, మీరు కూర్చోండయ్యగారూ" అన్నారు. ఒంటి బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చుకుంటున్నారు.

మాటలు విని మాస్టారు గుమ్మంలోకి వచ్చారు. తండ్రి వైపు, నా వైపు చూశారు. "మీ మీద నాకు కోపమేం లేదు మాస్టారూ" అన్నారు. నేను వినాలని వచ్చింది ఆ మాటే. ఊపిరి పీల్చుకోబోతున్నాను. అంతలో ఆయన గొంతు తగ్గించి, "కానీ నాన్న ఇక కూర్చోరండి. మీరున్నంతసేపూ ఇలా నిలబడే ఉంటారు. ఆయనకి మోకాళ్ళు నొప్పులు" అన్నారు.

నేను మెట్లు దిగి చెప్పులేసుకున్నాను. గేటు వేస్తూ వెనక్కి తిరిగి చూడాలనిపించింది. చూస్తే ఆయన మళ్ళీ లేచి నిలబడతారేమోనని చూడకుండానే వచ్చేశాను.