నేను కొట్టేసిన వాక్యం

మా ఇంట్లో సాయంత్రం ఏడు గంటలకు కుటుంబ ప్రార్థన తప్పేది కాదు. వాన పడినా, కరెంటు పోయినా, అమ్మా నాయినా వారం రోజులుగా మాట్లాడుకోకపోయినా సరే. ముందు గదిలో చాప పరిచి ముగ్గురం మోకాళ్ల మీద కూర్చునేవాళ్లం. మధ్యలో నేను.

నాయిన హన్మకొండలో ఒక మిషన్ దవాఖానలో కాంపౌండరు. కోపం వస్తే అరిచే మనిషి కాదు. మాట మానేసేవాడు. అమ్మ కూడా తక్కువ తినలేదు, ఆమె కూడా మానేసేది. ఒక్కోసారి నాలుగు రోజులు, ఒక్కోసారి పదిహేను. అయితే దేవుడితో మాట్లాడకూడదన్న పట్టు ఇద్దరికీ లేదు. ఒకరితో ఒకరు అనదలచినదంతా ఆయనతో అనేవాళ్లు.

"ప్రభువా, ఈ ఇంట్లో రాతి గుండెలున్నాయి. వాటిని నీవే మెత్తబరచు తండ్రీ," అనేది అమ్మ కళ్లు మూసుకొని.

తర్వాత నాయిన వంతు. "దయగల దేవా, నాలుకను అదుపులో పెట్టుకునే జ్ఞానం కావలసినవారికి దయచేయుము. వారెవరో నీకు తెలుసు."

ముగ్గురం ఆమెన్ అనేవాళ్లం. పక్కింటి పెద్దమ్మకు గోడ అవతల అన్నీ వినబడేవి. ఆదివారం చర్చి మెట్ల మీద అమ్మను పట్టుకొని, "మీ ఇంట్ల దేవునికి మస్తు పంచాయితీలున్నయి గదనే," అని నవ్వేది.

పగటిపూట దేవుడి బదులు నేనుండేదాన్ని. "మీ నాయినకు చెప్పు, అన్నమైంది. తింటే తిననియ్యి, లేకుంటే లేదు," అనేది అమ్మ. వంటింటి నుంచి ముందు గదికి ఎనిమిది అడుగులు. ఆ ఎనిమిది అడుగుల్లో మాటను బాగు చేసేదాన్ని. "నాయినా, అమ్మ అన్నానికి పిలుస్తాంది." ఆయన, "ఆ ఉప్పులేని కూర నాకొద్దని చెప్పు," అంటే, ఆ మాట అమ్మ దగ్గరికి, "నాయినకు ఇంకా ఆకలైతలేదట," అని చేరేది. ఇది నాకు ఎవరూ నేర్పలేదు. ఏ మాటకు ఎవరి ముఖం ఎట్లా మారుతుందో ముందే తెలిసిపోయేది. చుట్టాలు నన్ను చూసి, "బంగారమసొంటి పిల్ల, ఎన్నడు పేచీ పెట్టది," అనేవాళ్లు. పేచీ పెట్టే తీరిక నాకెక్కడిది?

పెద్దయ్యాక ముప్పై ఏళ్లు ఒక దినపత్రిక డెస్కులో కూర్చుని ఊళ్ల నుంచి వచ్చిన వార్తలు దిద్దాను. పని తొందరగా పట్టుకుందని మెచ్చుకున్నారు. ఎక్కడ నేర్చుకున్నానో ఎవరికీ చెప్పలేదు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, అటువంటి ఒక మౌనం మధ్యలో, పరకాల నుంచి కబురొచ్చింది. అమ్మమ్మ మంచం పట్టిందని. అమ్మ వెంటనే గుడ్డసంచిలో రెండు చీరలు, కాగితంలో చుట్టిన నాలుగు బత్తాయిలు సర్దింది. నన్ను పిలిచింది.

"మీ నాయినకు చెప్పు. అమ్మమ్మకు మంచిగ లేదట, నేను పోవాలె. మనిషైతే పంపుమను."

వెళ్లి చెప్పాను, 'మనిషైతే' తీసేసి. నాయిన డ్యూటీకి పోవడానికి చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

"పొమ్మను. నేనేమన్న కాళ్లు కట్టేసిన్నా? పోయి ఆడ్నే ఉండుమను."

ఇప్పుడు ఆలోచిస్తే అది పొమ్మనడమే. ముల్లున్న మాటే కానీ, పొమ్మన్న మాట. ఆ రోజు నాకు చివరి వాక్యం ఒక్కటే వినిపించింది. ఆడ్నే ఉండుమను. అమ్మ సంచి పట్టుకొని పోతుంది, ఇక రాదు. ఏడు గంటలకు చాప మీద నేనూ నాయినే ఉంటాం. ఆ ఎనిమిది అడుగులూ నడిచి వంటింట్లోకి వెళ్లాను.

"ఏమన్నడు?"

"సూద్దాం అన్నడమ్మా."

అమ్మ సంచి తీసుకెళ్లి ముందు గదిలో గోడకు ఆనించింది. అది అక్కడే రెండు రోజులుంది. నాయిన వస్తూ పోతూ దాన్ని చూశాడు. సాయంత్రం ప్రార్థనలో అమ్మ ఏడుస్తూ, "అడ్డుపడే మనసులను తొలగించు ప్రభువా, మా అమ్మ ముఖం చూడనియ్యి," అంది. నాయిన తన వంతులో, "మొండితనం మాని, పోవలసిన చోటికి పోయే బుద్ధి దయచేయుము," అన్నాడు. ఇద్దరి కళ్లూ మూసే ఉన్నాయి. నావి తెరిచి ఉన్నాయి. గోడ దగ్గర సంచి కనిపిస్తూ ఉంది. ఒక్కమాట చెప్తే చాలు. చెప్తే ఇన్నాళ్లూ నేను మార్చినవన్నీ బయటపడతాయి. ఆమెన్ అన్నాను.

మూడో రోజు పొద్దున మామయ్య వచ్చి గడపలోనే నిలబడి, "అక్కా," అన్నాడు. ఆ పిలుపులోనే అమ్మకు తెలిసిపోయింది.

పరకాలలో అమ్మ ఆడవాళ్ల మధ్య కూర్చుని, "ఆఖరి చూపుకు గూడ పంపలే. సూద్దామన్నడు. సూసిండు," అని గుండెలు బాదుకుంది. నాయిన నాలుగడుగుల దూరంలో మగవాళ్లతో నిలబడి ఉన్నాడు. విన్నాడు. అమ్మ వైపు చూసి, తర్వాత తల తిప్పి నా వైపు చూశాడు. మెల్లగా వాకిట్లోకి వెళ్లి బెంచీ మీద కూర్చున్నాడు.

నన్ను ఏనాడూ అడగలేదు. ఆ తర్వాత నాతో ఒక్క మాట కూడా పంపలేదు. చెప్పవలసి వస్తే గోడకు చెప్పేవాడు. "దవాఖానకు పోతున్న," అని గోడతో అని చెప్పులేసుకునేవాడు. అమ్మ మాత్రం ఇంట్లో స్త్రీల ప్రార్థన కూడిక జరిగిన ప్రతిసారీ పరకాల సంగతి ఎత్తేది. పక్క గదిలో నాయిన వింటూ ఉండేవాడు. చివరి రోజుల్లో ఆయన మంచం పక్కన కూర్చుని చెంచాతో నీళ్లు పోస్తున్నప్పుడు నాకు మాట గొంతు దాకా వచ్చింది. ఆయన నా చేయి తట్టి, "జర పండుకో బిడ్డా, పొద్దట్నుంచి కూసున్నవు," అన్నాడు. ఆ తర్వాత అమ్మ కూడా పోయింది, ఆయన పంపలేదన్న నమ్మకంతోనే.

ఇప్పుడు మడికొండలో నా బిడ్డ దగ్గర ఉంటున్నాను. అల్లుడికి అక్కడే ఐటీ పార్కులో ఉద్యోగం. ఏడేళ్ల మనవరాలు. టీచరు 'వెరీ మెచ్యూర్' అని మెచ్చుకుందని నా బిడ్డ అందరికీ చెప్తుంది. విన్న ప్రతిసారీ నాకు చుట్టాలన్న 'బంగారమసొంటి పిల్ల' గుర్తొస్తుంది.

ఈమధ్య బిడ్డా అల్లుడూ ఐదు రోజులు మాట్లాడుకోలేదు. నా బిడ్డకు ఈ మౌనం ఎక్కడిదో ఎవరినీ అడగక్కరలేదు. నా భర్తతో నేను ఏనాడూ గొడవపడలేదని గొప్పగా చెప్పుకునేదాన్ని. నిజమే. డెస్కులో అలసిపోయానని తలుపు దగ్గరికి వేసుకునేదాన్ని, అంతే.

శుక్రవారం సాయంత్రం హాల్లో అల్లుడు పాపతో అన్నాడు. "మమ్మీకి చెప్పురా, సండే నేను ఏటూరునాగారం పోతున్న, తాతోళ్లింటికి. వస్తె రమ్మను, లేకుంటె ఫికర్ లేదు."

పాప పడకగది వైపు నడిచింది. నేను తెలియకుండానే ఆ అడుగులు లెక్కపెట్టాను.

"మమ్మీ, సండే డాడీ మనల్ని తాతోళ్లింటికి తీస్కపోతడట. నువ్వు తప్పకుండ రావాలె అన్నడు."

పాపను బాల్కనీలోకి పిలిచి అడిగాను. "డాడీ గట్లన్నడా బిడ్డా?"

పాప ముఖంలో రంగు మారింది. "గట్లనే చెప్పాలె అమ్మమ్మా. లేకుంటె మమ్మీ ఏడుస్తది." తర్వాత నా చీర కొంగు పట్టుకొని గొంతు తగ్గించింది. "నువ్వు చెప్పకు."

ఆ ఇంట్లో కుటుంబ ప్రార్థన ఎప్పుడో ఆగిపోయింది. ఆ రోజు ఏడు గంటలకు నేనే చాప పరిచాను. పెద్దదాన్ని నేను అడిగాను కాబట్టి బిడ్డా అల్లుడూ వచ్చి కూర్చున్నారు, చెరో పక్క. మధ్యలో పాప, చేతులు జోడించి, కళ్లు గట్టిగా మూసుకొని.

"ప్రభువా, ఈ ఇంట్లో..." అని మొదలుపెట్టి ఆగిపోయాను. అది అమ్మ గొంతు. నేనూ దేవుణ్ణి అడ్డం పెట్టుకొని వీళ్లను అంటున్నాను. కళ్లు తెరిచాను. బిడ్డ వైపు తిరిగి, "నీకొక సంగతి చెప్పాలె. మీ తాతకు చెప్పలె, అమ్మమ్మకు చెప్పలె," అన్నాను. గుడ్డసంచి, బత్తాయిలు, ఆడ్నే ఉండుమను, సూద్దాం, అన్నీ చెప్పాను. పాప ముందే చెప్పాను. చివరికి, "పిల్లను మీ ఇద్దరి నడుమ నడిపియ్యకుండ్రి," అన్నాను.

కింద ఎవరి బండో స్టార్ట్ కాక మూలుగుతోంది. అల్లుడు పాప తల మీదుగా అటు తిరిగాడు. ఐదు రోజుల తర్వాత మొదటిసారి నా బిడ్డ ముఖం చూసి అడిగాడు.

"సండే... వస్తవా?"

నా బిడ్డ చాప అంచు గిల్లుతూ, "చూద్దాం," అంది.

ఆ మాట కింద పడకముందే పాప తండ్రి వైపు తిరిగి నవ్వింది.

"వస్తదట డాడీ."

చేయి చాస్తే తగిలేంత దూరంలో ఉన్నారు బిడ్డా, అల్లుడూ.