బ్రేకుల మేస్త్రి కూతురు

బస్సు డిపోలో ఆయన్ని అందరూ బ్రేకుల మేస్త్రి అనేవారు. ముప్పై ఏళ్లుగా బస్సుల కింద దూరి బ్రేకులు సరిచేయడమే ఆయన పని. అలాంటి మనిషి కూతురికి పదిహేనో ఏట రేసు కార్ల పిచ్చి పట్టుకుంది. నడపాలని కాదు, కార్లు తయారుచేసే జట్టులో ఇంజినీరు కావాలని. టీవీలో పందెం వస్తుంటే ఆ పిల్ల కళ్లు డ్రైవర్ల మీద ఉండేవి కావు. రెప్పపాటులో చక్రాలు మార్చేసేవాళ్లనూ, హెడ్‌ఫోన్లు పెట్టుకుని తెరల ముందు కూర్చున్నవాళ్లనూ చూసేది.

"బండ్లు ఆపినందుకు నాకు జీతమిస్తున్నారు. నా కూతురేమో ఆగకుండా పరిగెత్తించే చదువు చదువుతానంటోంది," అని తండ్రి డిపోలో చెప్పుకుని నవ్వేవాడు. నవ్వేవాడే గాని వద్దనలేదు.

బడి చదువు పూర్తయ్యేసరికి ఇంట్లో తలో మాటా మొదలైంది. కంప్యూటర్లయితే నీడపట్టున ఉండొచ్చని తల్లి పోరు. బీమా ఆఫీసులో పనిచేసే మేనమామ ఒకరోజు రంగురంగుల పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఏదో ప్రైవేటు కాలేజీలో 'మోటార్‌స్పోర్ట్ ఇంజినీరింగ్' అని కొత్తగా డిగ్రీ పెట్టారట. అట్ట మీద ఎర్ర రేసు కారు.

"పేరులోనే ఉంది కదే. ఇంక వెతుక్కునే పనేముంది?" అన్నాడు.

ఆ పిల్ల పుస్తకాన్ని వారం రోజులు దిండు కింద పెట్టుకుని పడుకుంది. తరువాత తండ్రిని వెంటబెట్టుకుని కాలేజీ చూడటానికి వెళ్లింది.

అద్దాల గదిలో అదే ఎర్ర కారు తళతళలాడుతూ నిలబడి ఉంది. ఆమె దాని ముందే నిలబడిపోయింది. తండ్రి మాత్రం కారు చుట్టూ ఒకసారి తిరిగి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగి చూశాడు.

"ఈ బండి ఎప్పుడైనా నడిచిందా అండీ?"

"ఇది చూపించడానికే ఉంచామండీ. వర్క్‌షాపు వచ్చే ఏడాది పూర్తవుతుంది," అంది కాలేజీ చూపిస్తున్నావిడ.

బయటికొచ్చాక ఆయన నెమ్మదిగా చెప్పాడు. "బోల్టుల మీద రంగు చూశావా? ఒక్కదాని మీదా గీత లేదు. వాటి మీద పానా పడలేదమ్మా. పైన పటారం, లోన లొటారం."

ఆమెకు ఒళ్లు మండింది. తన కలను ఎవరో పానాతో గీకినట్టనిపించింది. తిరుగు బస్సులో తండ్రికి దూరంగా వేరే సీట్లో కూర్చుంది.

మరుసటి వారం విశ్వవిద్యాలయానికి వెళ్లారు. అక్కడ ఉన్నది మామూలు మెకానికల్ ఇంజినీరింగే. భవనం వెనక రేకుల షెడ్డులో విద్యార్థులు ఏటా ఒక చిన్న రేసు కారు కట్టి, మిగతా విశ్వవిద్యాలయాల కార్లతో పోటీకి తీసుకెళ్తారు. వీళ్లు వెళ్లేసరికి నలుగురు విరిగిన ఇనుప కడ్డీ చుట్టూ చేరి, తప్పెవరిదని ఒకరి మీద ఒకరు ఒంటికాలి మీద లేస్తున్నారు. అందులో ఒకమ్మాయి ఈమె చేతిలో టార్చి పెట్టి, "ఇక్కడ పట్టుకో," అని కారు కిందికి దూరింది. అరగంట దాకా ఈమె ఎవరని అడిగినవాళ్లు లేరు.

"ఏమంటావ్?" అన్నాడు తండ్రి, షెడ్డు గుమ్మంలో నిలబడి.

"డిగ్రీ పేరులో రేసన్న మాట లేదు నాన్నా."

"లేదు."

"కానీ వీళ్ల కారు విరిగింది."

"విరిగిందంటే నడిచిందన్నమాటే," అన్నాడాయన.

అలా అక్కడ చేరింది. చేరాక తెలిసింది, రేసు కారు దాకా వెళ్లే దారంతా లెక్కలతోనే నిండి ఉందని. రెండో ఏడాది ఒక పేపరు తప్పింది. "అప్పుడే చెప్పాను కంప్యూటర్లని," అని తల్లి ఫోనులో దెప్పితే, స్నానాల గదిలో కొళాయి తిప్పేసి ఏడ్చింది. మళ్లీ రాసి గట్టెక్కింది. మూడో ఏడాది షెడ్డులో ఇంజిను పని అడిగితే జట్టు నాయకుడు బ్రేకులు అంటగట్టాడు. "మీ నాన్న బ్రేకుల మేస్త్రి కదా," అన్నాడు. ఇంతా చదివి చివరికి నాన్న దూరిన చోటికే దూరాలా అని ముఖం మాడ్చుకుంది.

పోటీలో ఒక నియమముంది. కారును కొంతదూరం పరిగెత్తించి బ్రేకు వేస్తే నాలుగు చక్రాలూ ఒక్కసారే బిగుసుకోవాలి. లేదంటే ట్రాకు మీదికి రానివ్వరు. ఆ ఏడాది వీళ్ల కారు మూడుసార్లు తప్పింది. సాయంత్రం నాలుగింటికి ఆ పరీక్ష మూసేస్తారు. మూడు కావస్తుండగా ఆమె డిపోకు ఫోను చేసింది.

"పెడల్ స్పాంజిలా దిగిపోతోంది నాన్నా. గొట్టాల్లో గాలి చేరింది. ఎంత తీసినా పోవట్లేదు."

"గాలి తీసే స్క్రూ ఉంటుంది చూడు. పైకుందా, కిందికుందా?"

ఆమె మోకాళ్ల మీద కూర్చుని చూసింది. "కిందికుంది."

"గాలి కిందికి పోతుందా తల్లీ?"

అప్పుడు తట్టింది ఆమెకు. ముందు చక్రాల బ్రేకులు కుడిది ఎడమకూ, ఎడమది కుడికీ వేసేశారు, అందుకే స్క్రూలు కిందికొచ్చాయి. "నేనే బిగించాను నాన్నా."

"బిగించినవాళ్లే విప్పాలి. ఫోను పెట్టేసి పని చూసుకో."

తప్పు తనదేనని జట్టువాళ్లకు చెప్పింది. తిట్టే తీరిక ఎవరికీ లేదు. రెండూ విప్పి, అటుదిటు ఇటుదటు మార్చి బిగించి, గాలి తీశారు. సన్నని గొట్టంలోంచి బుడగలు బిలబిలా వచ్చాయి. పెడల్ రాయిలా గట్టిపడింది. నాలుగవడానికి పది నిమిషాల ముందు, నాలుగు చక్రాలూ ఒక్కసారే కీచుమని నేల మీద నాలుగు నల్లటి చారలు గీశాయి. ఇరవై ఆరు కార్లలో వాళ్లది పంతొమ్మిదో స్థానం. ఆ చారల ఫొటోను మాత్రం మేస్త్రి డిపోలో చూపించని మనిషి లేడు.

చదువయ్యాక ఒక చిన్న రేసు జట్టులో ఉద్యోగానికి వెళితే, మార్కుల సంగతి పైపైనే అడిగారు. "నీ చేతుల్తో ఏం పాడుచేశావు, ఎలా బాగుచేశావు?" అని గుచ్చి గుచ్చి అడిగారు. దాచకుండా చెప్పింది. ఉద్యోగం వచ్చింది.

ఆ ఉద్యోగంలో మెరుపులేమీ లేవు. అరిగిన బ్రేకులు కొలవడం, ఎంత వేడెక్కాయో రాసుకోవడం, మళ్లీ కొలవడం. కప్పులు డ్రైవర్లకు పోతాయి. పందెం ఉండి పిన్ని కూతురి పెళ్లికి వెళ్లలేకపోయింది. మేనమామ మాత్రం కలిసినవాళ్లందరికీ, "మొదట పుస్తకం తెచ్చిచ్చింది నేనేనండీ," అని చెప్పుకుంటాడు.

ఒకసారి తండ్రి పందెం చూడటానికి వచ్చాడు. చెవుల్లో దూది పెట్టుకుని మూడు గంటలు కూర్చున్నాడు. ఎవరు గెలిచారో పట్టించుకోలేదు. కూతురు బయటికి రాగానే అడిగాడు.

"ఆ మలుపు దగ్గర మీ బండి అందరికన్నా ఆలస్యంగా బ్రేకేస్తోంది. అయినా జారట్లేదు. ఎలాగే?"

ఆమె ఒక అట్టముక్క తీసుకుని పెన్నుతో బొమ్మ గీయడం మొదలుపెట్టింది. ఆయన కళ్లద్దాలు పైకి తోసుకుని, పక్కనే చతికిలబడ్డాడు.